నాన్న పోయాక అమ్మ చూసిన సినిమా

సియెనగ

ప్రియమైన ఎదిల్మా అక్కకి,

నువ్వు ఫోను పెట్టేసిన చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. "నాన్న పోయి రెండు నెల్లు కాలేదు, అమ్మని సినిమాకి తీసుకెళ్ళి పగలబడి నవ్విస్తావా? ఇక నువ్వు నాకు చెల్లెలివి కావు" అన్నావు. నన్ను మాట్లాడనివ్వలేదు గనక రాస్తున్నాను. మమ్మల్ని ఎక్కణ్ణుంచి చూసిందో గానీ, ఒబ్దూలియా అత్త బొగోటాకి ఫోను చేసి నీకు చెప్పింది నిజమే. ఏడాదిపాటు రేడియో కూడా పెట్టకూడని ఇంట్లోంచి, నల్లబట్టల్లో ఉన్న అమ్మని, క్రిస్మస్ పూట నేనే బతిమాలి తీసుకెళ్ళాను. తప్పంతా నాదే.

అయినా ఏం చూశామో కూడా విను, చెప్పకపోతే నాకు కడుపుబ్బరం. అది తలాతోకా లేని సినిమా. ఒక జాలరి చచ్చిపోతాడు. మోసేవాళ్ళు తాగేసి శవపెట్టెని వేరే ఇంట్లో దించుతారు. ఆ ఇంటివాళ్ళు ఎవరి శవమని అడగరు. గుమ్మం తొక్కి వచ్చినదాన్ని కాదనలేక కూర్చుని ఏడుస్తారు, అందరికీ కాఫీ కాస్తారు. పక్కన చుక్కల బిళ్ళలతో డామినో ఆడేవాళ్ళు తప్పు ముక్క వేసినప్పుడల్లా చచ్చినవాడు లేచి కూర్చుని "అది కాదురా దున్నపోతా" అని మళ్ళీ పడుకుంటాడు. ఎవరూ భయపడరు. మూడోసారీ లేస్తాడని హాలంతా ఎదురుచూస్తుంటే లేవడు. ఎంతసేపటికీ లేవడు. చివరికి ఒక చెయ్యి మాత్రం పెట్టెలోంచి వచ్చి, ముక్క మార్చి, లోపలికి పోతుంది. పిచ్చి వేషాలే, కాదనను. కానీ ఆ ఆలస్యాన్ని ఎంతవరకూ లాగాలో తెలిసిన మహానుభావుడెవరో గానీ, దణ్ణం పెట్టాలనిపించింది.

అమ్మ మొదట రుమాలు నోట్లో కుక్కుకుంది. తర్వాత నా వీపు మీద కొట్టింది. ఆ తర్వాత ముందు వరసలో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషి వీపు మీద కొట్టింది. ఆయన వెనక్కి తిరిగి నల్లబట్టలు చూసి, "కొట్టండమ్మా, పర్లేదు" అన్నాడు.

నచ్చనిదీ ఒకటుంది. జాలరి పెళ్ళాం వేషం ఒక లావుపాటి మగవాడు కట్టాడు. పెట్టె మీద పడటం, మూర్ఛపోవటం, లేచి మళ్ళీ పడటం తప్ప ఆమెకి వేరే పని లేదు, ఒక్క మంచి మాట కూడా లేదు. హాలు నవ్వింది గానీ అమ్మ నవ్వలేదు. "వీళ్ళెవరూ ఆడవాళ్ళు ఏడ్చే గదిలో ఎప్పుడూ కూర్చున్నట్టు లేరే" అంది. అక్కడ ఆ సినిమాకి బుద్ధి చాలలేదు. మిగతాదంతా బంగారం.

నన్నెంతైనా తిట్టు. సంవత్సరీకం పూజకి రానని మాత్రం అనకు. నువ్వు రాకపోతే అమ్మ తట్టుకోలేదు.

నువ్వు కాదన్నా నీ చెల్లెలు,
నూరిస్

*

నా పెద్దపిల్ల ఎదిల్మాకి,

నూరిస్ తన ఉత్తరం పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చింది. చదివాను. సినిమా సంగతంతా నిజం, తప్పు తనదన్నది అబద్ధం. అది నన్ను తీసుకెళ్ళలేదు, నేనే దాన్ని లాక్కెళ్ళాను. "జనం ఏమంటారే అమ్మా" అని గుమ్మం దాకా గునుస్తూనే ఉంది. "కుండకైతే మూత పెడతాం, లోకం నోటికి పెట్టగలమా? చెప్పులేసుకో" అన్నాను.

ఎందుకెళ్ళానో చెబుతాను. మనూళ్ళో ఎవరు పోయినా తొమ్మిది రాత్రులు ఆడవాళ్ళు లోపల జపమాల తిప్పుతారు, మగవాళ్ళు పెరట్లో జోకులు చెప్పుకుంటారు. ఆ పెరట్లో మీ నాన్నని మించినవాడు లేడు. ఎవరింట చావైనా ఆయనకి కబురొచ్చేది. ఇంటికొచ్చాక నేను అడిగితే "ఆడవాళ్ళకి చెప్పేవి కావే" అని పడుకునేవాడు. ఆయన చెప్పిన జోకు ఒక్కటైనా మొదటినుంచి చివరిదాకా నేను వినలేదు. ఆయన పోయినప్పుడూ అంతే. బయట ఆయన జోకులే చెప్పుకుంటుంటే, గోడకివతల నాకు నవ్వులు మాత్రమే వినపడ్డాయి.

చావింట్లో నవ్వుల సినిమా అని విని, ఆ పెరట్లో ఏముంటుందో ఒక్కసారి చూద్దామని వెళ్ళాను. చూస్తే ఏముంది, ఒక శవం, ఒక డామినో ముక్క. ఈపాటి పిచ్చి సంగతినా నా దగ్గర ఇన్నేళ్ళు దాచాడని నవ్వాగలేదు. ఆయన మీద కోపమొచ్చింది, ఆయన కావాలనిపించింది. నవ్వుతూనే ఏడ్చాను. ఒబ్దూలియాకి నవ్వొక్కటే కనపడింది.

నల్లబట్టలు ఏడాదీ కడతాను. కానీ సంవత్సరీకం నాటి సాయంత్రం లోపల కూర్చోను. పెరట్లోనే కూర్చుంటాను, నువ్వూ నూరిస్ నాకు చెరోపక్కా ఉండాలి. మగవాళ్ళు సిగ్గుపడి నోరు మెదపకపోతే నేనే మొదలుపెడతాను. ఒకటి సొంతంగా కట్టాను, విను.

ఒకామె మొగుడు ఊళ్ళో ఎవరు చచ్చినా వెళ్ళి నవ్వించేవాడట. పెళ్ళాన్ని నవ్వించాలంటే మాత్రం ఆయనే చావాల్సొచ్చిందట.

వచ్చి నవ్వు. నవ్వు రాకపోతే అప్పుడు నన్ను తిట్టు, నూరిస్‌ని కాదు.

మీ అమ్మ,
బెనిల్దా