నీలం వచ్చేదాకా కోడి వేపుడే

కార్వాన్, హైదరాబాదు
15-7-1979, ఆదివారం

సౌభాగ్యవతి రాజమణికి నీ పెనిమిటి మొగులయ్య దీవించి రాయునది.

ఇక్కడ నేను తొమ్మిది వేళ్ల వరకు పూర్తిగా క్షేమం. పదో వేలి సంగతి కింద రాస్తాను, దాటెయ్యను. అక్కడ షోలాపూర్‌లో నువ్వు, విజయలక్ష్మి, పదిహేను రోజుల చంటిది, అల్లుడు అందరూ క్షేమమని నీ ఉత్తరం చూసి సంతోషించాను. చంటిదానికి నా ముక్కు వచ్చిందని రాశావు. పాపం, ఇంకా పేరైనా పెట్టలేదు, అప్పుడే దానికి ఇంత కష్టం రావాలా?

ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం అల్లుడి చేత చదివించుకోకు. విజయ చేతికీ ఇవ్వకు. చంటిది నిద్రపోయినప్పుడు కూడబలుక్కుని నువ్వే చదువు. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మొన్నటి వానకు వంటింటి రేకు కారలేదు, తారు పూశాను. వచ్చే ఆదివారం బోనాలకు మన ఇంటి బోనం పక్కింటి ఆగమ్మ పెద్దమ్మ ఎత్తుతానంది. బోనం కుండలో అన్నం కదా, ప్రసాదమని ఒక ముద్ద పెడితే కళ్లకద్దుకుని పెద్దమ్మకే ఇచ్చేస్తానని అమ్మవారికి ముందే చెప్పుకున్నాను. ఆమెకు కోపం రాలేదనే అనుకుంటున్నాను. వస్తే ఈపాటికి తెలిసేది.

"అన్నం తింటున్నావా" అని రెండుసార్లు అడిగావు. రెండోసారి కింద గీత కూడా గీశావు. తినడం లేదు. నాలుగు వారాలుగా ఈ ఇంట్లో ఒక్క మెతుకు ఉడకలేదు. నమ్మకం లేకపోతే ఆగమ్మనే అడుగు. ఆమెను నువ్వు నా మీద కాపలా పెట్టి పోయిన సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. ఉప్పు అప్పు కావాలని వచ్చే మనిషి ఉప్పు డబ్బా వదిలేసి అన్నం గిన్నె మూత ఎందుకు ఎత్తుతుంది?

ఇక వేలు. మానిందా అని అడిగావు. మానలేదు. జూన్ నెలలో వర్క్‌షాప్‌లో రంగు డబ్బా మూత జారి కుడికాలి రెండో వేలి మీద పడింది, చిన్న గీత అని రాశాను. గీత చిన్నదే. అది పుండైంది. మన గల్లీ చివరి అనంతపద్మనాభం డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి చూసి ఒకే మాట చెప్పాడు.

"ఆగస్టు ఐదు దాకా చూస్త మొగులయ్యా. షుగర్ దిగాలె, పుండు ఎండాలె. లేకుంటే పెద్దాసుపత్రికి రాసిస్త. వాళ్లు వేలు తీసేస్తరు."

"తొమ్మిది వేళ్లకు చెప్పుల సైజు తగ్గుతదా డాక్టర్ సాబ్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వకపోవడానికి ఆయన దగ్గర కారణముంది. అదీ కింద రాస్తాను.

నువ్వు ఇక్కడిదాకా చదివి పెట్టె సర్దుకోవడం మొదలుపెడతావని తెలుసు. కూర్చో. పూర్తిగా చదువు. వేలు ఇవ్వకూడదని నేను పట్టు పట్టాను. పదమూడేళ్ల వయసు నుంచి బస్సులకు రంగులేస్తున్నాను, నిచ్చెన మీద ఆ వేళ్లతోనే నిలబడ్డాను. ఒక్కటి కూడా వదలను.

డాక్టరు తిండి ఇట్లా చెప్పాడు. పొద్దున ఒక జొన్నరొట్టె, మధ్యాహ్నం ఒకటి. రాత్రికి అన్నం లేదు, రొట్టె లేదు, ఆలుగడ్డ లేదు.

"మరి రాత్రికి గాలి తినాల్నా సార్?"

"కోడి తిను. గుడ్డు తిను. ఆకుకూర ఎంతన్న తిను."

"గీ సంగతి ముందే చెప్తే ఈ రోగం ఇంకా ముందే తెచ్చుకుంటుంటి గద సార్!"

అప్పుడూ నవ్వలేదు.

మొదట్లో ఆగమ్మ తన ఇంట్లో వండిన కోడిపులుసు గిన్నెలో పంపింది. అన్నం లేకుండా తిన్నాను. రాజమణీ, మన కూరలన్నీ అన్నాన్ని చూసుకుని పుట్టినవే. అందులో కారం ముద్దకు సరిపడా, పులుపు ముద్దకు సరిపడా. ముద్ద తీసేస్తే మిగిలేది మంట. ఆ రోజు చెంబెడు నీళ్లు తాగి పడుకున్నాను. అన్నం అడగని కూర కావాలి, వర్క్‌షాప్ నుంచి వచ్చి స్టవ్ ముందు గంటలు నిలబడకుండా అయ్యేది కావాలి, పుండున్న కాలితో నేను చేయగలిగింది కావాలి. ఇరవై ఏడేళ్లలో నీ వంటింట్లో ఛాయ్ తప్ప ఏదీ కాచనివాణ్ణి, నా తిప్పలు నువ్వే ఊహించుకో.

కోడి దుకాణం భాయ్ దగ్గర సగం కోడి అడిగితే ఆయన కత్తి ఆపి నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "సగం కోడి ఎవరు కొంటరు మియా? మిగిలిన సగం ఒంటి కాలు మీద నడుచుకుంట పోతదా?" అన్నాడు. అప్పటి నుంచి మన వెనక ఇంటి మల్లన్నను వెంట తీసుకుపోతున్నాను. నాతోపాటు రంగులేసే మల్లన్నే. కోడిలో సగం వాడిది, సగం నాది. తోలు తీయించి, ముక్కలు చిన్నవిగా కొట్టిస్తాను. చిన్నవైతే తొందరగా ఉడుకుతాయి.

మొదటి రోజు ఏమైందో చెప్తా, నవ్వుకో. నీ రొట్టెల పెనం పెట్టాను, నూనె పోశాను, ముక్కలన్నీ ఒక్కసారే కుమ్మరించి గరిటతో కలపడం మొదలుపెట్టాను. చెయ్యి అలవాటు నీకు తెలుసు, డబ్బాలో రంగు కలిపినట్టు ఆపకుండా కలిపాను. ముక్కలు నీళ్లు వదిలాయి. ఆ నీళ్లలోనే ఉడికి తెల్లగా, మెత్తగా, గోడ సున్నం రాలినట్టు అయ్యాయి. మల్లన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు.

"అన్నా, ఇది కోడి కూరనా, బస్సు సొట్టలకు పెట్టే లప్పమా?"

వాడి పళ్లెం లాక్కున్నాను. కానీ లప్పం అన్న మాట దగ్గరే నాకు దారి దొరికింది. బస్సుకు ఒక కోటు వేశాక అది పట్టుకునేదాకా ముట్టుకోం కదా. ముట్టుకుంటే మరకలవుతుంది. ముక్క కూడా అంతే. మరుసటి రోజు పెనం బాగా కాలనిచ్చి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరిచి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఎంత కష్టమో తెలుసా! గరిట పిలుస్తూనే ఉంటుంది. ముక్క కింద ఎర్రబడేదాకా పెనాన్ని వదలదు. ఎర్రబడ్డాక దానంతట అదే వదిలేస్తుంది, అంచు కింద గరిట పెడితే చాలు. వదలని ముక్కను పీకకూడదు. ఇది నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పావేమో, నేను వినలేదు.

ఇప్పుడు పద్ధతి కుదిరింది. ఆగమ్మ ఇంటి రేడియోలో వార్తలు మొదలయ్యేటప్పుడు స్టవ్ ముట్టిస్తాను. ముక్కలకు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, ఒక చెంచా పెరుగు పట్టించి ఉంచుతాను. కారంపొడి నువ్వు వేసేదాంట్లో నాలుగో వంతు, దానికి బదులు మిరియాలు. రెండు చెంచాల నూనె, అంతే. ముక్కలు రెండు వైపులా ఎర్రబడ్డాక చీల్చిన పచ్చిమిర్చి, సగం ఉల్లిగడ్డ, ఒక టమాట. పైన రెండు గుప్పెళ్ల మెంతికూర. మూత పెట్టి మంట తగ్గిస్తాను. వార్తలు అయిపోయి రెండో పాట ముగిసేసరికి మూత తీస్తే, మెంతికూర ముడుచుకుని ముక్కలకు అంటుకుని ఉంటుంది. పైన సగం నిమ్మకాయ. పెనం ముందు కూర్చుని, పెనంలోనే తింటాను, పళ్లెం కడిగే పని లేదు. నువ్వుంటే తిట్టేదానివి. పక్కన ముల్లంగి, కీరదోస ముక్కలు. మొదటి వారం కడుపు నిండినా నోరు నిండినట్టు ఉండేది కాదు, చెయ్యి అన్నం గిన్నె కోసం తడుముకునేది. ఇప్పుడు తడుముకోవడం లేదు. కోడి లేని రోజు అదే పెనం మీద అదే మెంతికూర, కోడికి బదులు గుడ్లు.

ఆగమ్మకు కూడా నచ్చింది. "ఏం రా మొగులూ, రాజమణి వచ్చేసరికి వంటమనిషివైతున్నవు" అంది. నేను ఊరుకుంటానా? పక్కన గాజు గొట్టంలో నీలం మందు పోసి దీపం మీద కాస్తున్నాను. అది షుగరు చూసుకునే మందు. అందులో నా ఒంటేలు ఎనిమిది చుక్కలు వేసి కాస్తే రంగు తిరుగుతుంది. షుగరు లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది, కొంచెముంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, ఆ పైన నారింజ, మరీ ముదిరితే ఇటుక రంగు. డాక్టరు ఇంట్లోనే చూసుకోమని అన్నీ ఇచ్చాడు. పెద్దమ్మ గొట్టాన్ని చూసి "గదేం కషాయం రా?" అంది.

"నీ ఉబ్బసానికే కాస్తున్న పెద్దమ్మా. వేడి వేడిగ ఒక్క గుక్క తాగుతవా?"

చెయ్యి చాపింది! గబుక్కున వెనక్కి లాగి అసలు సంగతి చెప్పాను. చీపురు తీసుకుని వీధి దాకా తరిమింది. కుంటుతూ పరుగెత్తాను. గల్లీ అంతా నవ్వింది.

ఇంతవరకూ నవ్వించాను. ఇక నవ్వించను.

మే నెలలో విజయను రైలు ప్రయాణం వద్దన్నారని, నువ్వే షోలాపూర్ పోవాలని అనుకున్న రోజు గుర్తుందా? స్టవ్ దగ్గర కూర్చుని "డాక్టర్ దగ్గర నీలం రాకుంటే నేను పోను, విజయ బాపూ. నిన్ను గిట్ల ఇడిచిపెట్టి ఎట్ల పోత?" అన్నావు. తెల్లారి సీసా పట్టుకుని నేను ఒక్కణ్ణే పోయాను. నీలం వచ్చింది. నిండు నీలం, మబ్బు లేని ఆకాశంలాగా. నువ్వు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, నవ్వుకుంటూ బండెక్కావు.

ఆ సీసాలో ఉన్నది నాది కాదు రాజమణీ. మల్లన్నది.

వాడికి ఒక ఛాయ్ తాగించి నింపించాను. వాడు "దేనికన్నా?" అంటే "పందెం" అన్నాను. నిన్ను బిడ్డ దగ్గరికి పంపాలనే చేశానని రాయవచ్చు. సగం నిజమే. ఇంకో సగం ఏమిటంటే, ఒక్కసారి డాక్టరును, కాంపౌండరును, నిన్ను, ముగ్గురినీ కలిపి బోల్తా కొట్టించాలని సరదా పుట్టింది. నువ్వు పోయిన రోజే కడుపు పగిలేటట్టు బిర్యానీ తిన్నాను. ఆ వారంలో మూడుసార్లు తిన్నాను.

తర్వాతిది నాకు తట్టలేదు. నీలం చూసి డాక్టరు నా మాత్రలు సగానికి తగ్గించాడు. నేను సంతోషంగా సగమే మింగాను. వేలికి తగిలిన గీత అందుకే పుండైంది. జూన్‌లో ఆయన దగ్గరే గొట్టం కాస్తే ఇటుక రంగు వచ్చింది, మన బస్సుల రంగు. ఆయన నన్ను చూశాడు.

"పోయిన నెల సీసా ఎవరిదయ్యా?"

నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. కలం కింద పెట్టి, "నన్ను మోసం చేసిన అనుకుంటున్నవు. నేను ఆ రోజు మల్లన్నకు మందు తగ్గించిన. మింగింది నువ్వు" అన్నాడు.

విజయకు ఈ సంగతి తెలిస్తే తన కాన్పు కోసమే నా కాలు పాడైందనుకుంటుంది. అందుకే ఆ పిల్లకు చూపించొద్దన్నాను. పాడు చేసుకున్నది నేను.

ఇప్పుడు మాత్రలు నిండుగా మింగుతున్నాను. ఈ కవరులో ఒక అట్టముక్క ఉంది, తీసి చూడు. ఐదు గడులు గీశాను. ప్రతి ఆదివారం గొట్టంలో వచ్చిన రంగును పక్కన పెట్టుకుని, డబ్బాల్లో రంగులు కలిపి, సరిగ్గా అదే ఛాయ వచ్చేదాకా చూసి పూశాను. రంగు కలపడంలో నేను అబద్ధమాడనని వర్క్‌షాప్‌లో అందరికీ తెలుసు. మొదటి గడి ఇటుక. రెండోది నారింజ. మూడోది పసుపు. నాలుగోది ఈ రోజు పొద్దునది, ఆకుపచ్చ. పుండు అంచులు ఎండుతున్నాయి, నడుమ ఇంకా తడి ఉంది. ఉన్నదున్నట్టు రాశాను.

ఐదో గడి ఖాళీ, అది ఆగస్టు ఐదుది. ఇంట్లో నీలం డబ్బా ఉంది. మూత తీసే ఉంది, కుంచె పక్కనే ఉంది. ఒక్క పూత పూస్తే నీకు ఈ ఉత్తరం అందిన రోజే కంటినిండా నిద్ర పడుతుంది. మే నెలలో అయితే పూసేవాణ్ణి. ఇప్పుడే మూత గట్టిగా బిగించి అటక మీద పెట్టాను.

చంటిదానికి పేరు పెట్టి, విజయ లేచి తిరుగుతుంటే, నీకు రావాలనిపిస్తే నాలుగో తారీఖు బండికి రా. ఐదున డాక్టరు దగ్గరికి సీసా నువ్వే తీసుకుపో. నింపేటప్పుడు తలుపు దగ్గర కాపలా నిలబడతానంటే నిలబడు, సిగ్గుపడను. గొట్టం నువ్వే పట్టుకో, నువ్వే కాచు. నేను చెప్పిన రంగు నమ్మకు, నువ్వు చూసిన రంగే నమ్ము. ఐదో గడి ఏ రంగైనా సరే, నువ్వే పూయాలి. అందుకే అట్టముక్కతో పాటు చిన్న కుంచె కూడా పెట్టాను. పోగొట్టకు.

ఆగమ్మ ఇంట్లో వార్తలు మొదలయ్యాయి. పెనం పెట్టాలి. చంటిదాని ముక్కుకు ఒక ముద్దు.

ఇట్లు,
పది వేళ్ల మీద నిలబడి నీ తిట్లు తినాలని పట్టుబట్టిన నీ పెనిమిటి,
మొగులయ్య