దసరా పూజలో నీళ్ళు తాగిన ఇంజను

బెజవాడ, ఆదివారం రాత్రి

నా రాత వంకర, తప్పులూ ఉంటాయి. ఎవరైనా చదివితే మన్నించాలి.

యుద్ధంలో పెట్రోలు దొరక్క వసారాలో మూలపడిన మోటారు సైకిలును ఆయన ఇవాళ బయటికి తీశారు. ఎంత తన్నినా కిక్కు కదల్లేదు. ఇంజను మీది ప్లగ్గు బండిని మూల పెట్టిన రోజే విప్పి దాచారు. తెరిచే ఉండిపోయిన ఆ ప్లగ్గు రంధ్రంలోకి టార్చి వేసి చూస్తే లోపలంతా తుప్పు.

"వాన పడని చోట తుప్పేమిటే?" అని నామీద విసుక్కున్నారు.

"ఏటా దసరాకి మగ్గంతోపాటు దానికీ పూజ చేశాన్రా, ఏం కాదు. ఇంకో తన్ను తన్ను," అన్నారు అత్తయ్య.

కొబ్బరికాయ నీళ్ళు ఆవిడ సరిగ్గా ఆ రంధ్రం మీదే పోసేవారు. ఆవిడ ఎదుట ఆ మాట ఎలా అనను?

"తుప్పుకి పిస్టన్ బిగుసుకుంది, రేపు సమ్మెటతో కొడతా," అన్నారాయన. అది పగిలితే ఇక అంతే. బండి నడిస్తే మైలవరం నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళినా రాత్రికి ఇల్లు చేరతానన్నారు. లేకపోతే వారమంతా అక్కడే.

"కిరసనాయిలు పోసి నానబెడితే వదలదా అండీ? మా నాన్న బావి గిలకకి అలాగే చేసేవారు."

"నీకేం తెలుసు, పడుకో."

ఆయన నిద్రపోయాక లాంతరులోని కిరసనాయిలు సగం ఆ రంధ్రంలో పోసి వచ్చాను. రేపు ఇంజను కదిలితే పూజ మహిమే అంటారు అత్తయ్య. అననీ. ఈ పేజీ ఎవరికి దొరికినా, ఆవిడ చూడకముందే పొయ్యిలో పెట్టండి.