చెయ్యి తీస్తే మొదలు

అక్కా,

ఈ ఉత్తరం నీకు మీ అమ్మాయి చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. తనకూ తెలియాలి.

నిన్న కచేరీలో నువ్వు తొందరపడలేదు. తప్పు నాది. చూపు లేనివాళ్ళు, ఉన్నవాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు, మాట తడబడేవాళ్ళు అందరం కలిసి పాడే మన బృందంలో మనిద్దరికీ ఒక ఏర్పాటు ఉంది కదా. నా చెయ్యి నీ మోచేతి మీదే ఉంటుంది; మాస్టారు చెయ్యెత్తగానే నేను నీ మోచెయ్యి నొక్కాలి, నువ్వు ఊపిరి తీసుకోవాలి. నేను చెయ్యి తీస్తే పాట మొదలు. నువ్వు ఒక్కసారి కూడా తప్పలేదు.

తెర లేచేసరికి ముందు వరసలో మా పళ్ళ డాక్టరుగారు, ఆయన భార్య, క్లినిక్ కౌంటర్లో నా పక్కన కూర్చునే పిల్ల. సంగీతం క్లాసుకు వెళ్తున్నానని తప్ప, ఎవరితో పాడతానో వాళ్ళకు ఏనాడూ చెప్పలేదు. ఆ పిల్ల నన్ను చూసి, నిన్ను చూసి, డాక్టరుగారి భార్య చెవి కొరికింది. నాకూ ఏదో లోపం ఉందనుకుంటారేమోనని తల కొట్టేసినట్టయింది. చెయ్యి లాగేసుకున్నాను. మాస్టారింకా చెయ్యెత్తనేలేదు. నువ్వేమో నన్ను నమ్మి పాట అందుకున్నావు. అంత హాల్లో నీ ఒక్క గొంతు. ఎవరో నవ్వారు.

వేదిక దిగాక "తొందరపడ్డానమ్మా, ఏమీ అనుకోకండి" అని నువ్వు అందరికీ చెప్పుకుంటుంటే, నీ వీపు నిమిరి "ఏం కాదులే అక్కా" అన్నాను చూడు, ఆ నాలుక తెగిపడినా బాగుండేది. "పాపం, కనబడదు కదా" అన్నారు మా డాక్టరుగారి వాళ్ళు. నేను తలూపాను. సిగ్గుతో చితికిపోతున్నాను. ఆదివారం నుంచి రాను. నా బదులు ఇంకొకరిని చూసుకోమని మాస్టారికి చెప్పు.

నీ పక్కన నిలబడే అర్హత లేని
చెల్లెలు

*

చెల్లీ,

హోటల్లో ఫోను దగ్గర కూర్చుని రోజంతా జనాన్ని "లైన్లో ఉండండి" అనేదాన్ని, నన్నే లైన్లో పెట్టి పోతానంటావేమిటే? నీ కడుపులో బరువు నా నెత్తిన దించి తలుపేసుకుంటావా?

నేనే పొరబడ్డాననుకుని, ఇంటికొచ్చి నా మోచెయ్యి నేనే ఎన్నిసార్లు నొక్కి చూసుకున్నానో నీకు తెలీదు. కోపం వచ్చింది. ఇంకా ఉంది. జాలి నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే, దులిపేసుకుంటాను. తప్పు పాడిందన్న మాట మాత్రం అలవాటు లేదు. ఆదివారం రా. అందరి ముందూ నీ నోటితో చెప్పు. క్షమించానా లేదా అని ఇప్పుడే అడగకు.

మీ అక్క

*

పిన్నీ, పైవన్నీ అమ్మ మాటలే, చెప్పినవి చెప్పినట్టు రాశాను. ఈ నాలుగు ముక్కలు మాత్రం నావి. అమ్మకు చదివి వినిపించలేదు. మీ ఉత్తరంలో "చెయ్యి లాగేసుకున్నాను" అన్నచోట చదవడం ఆపేశాను. మీ మీద కోపమనుకుంది అమ్మ. హైస్కూల్లో ఉన్నప్పుడు, గేటు కనబడగానే చెప్పులో రాయి పడిందని వంకపెట్టి అమ్మ చెయ్యి వదిలేసేదాన్ని. అమ్మ రోజూ అక్కడే నిలబడి "రాయి పోయిందా తల్లీ?" అని అడిగేది.

ఆదివారం నేనూ వస్తున్నాను. ముందు మీరు చెప్పండి.