బిగబట్టి నవ్వడం

జూన్ 3
డాక్టరు మళ్ళీ అదే మాట. క్యాన్సర్ పోయింది, సంతోషించండి అన్నాడు. సంతోషిస్తే నవ్వొస్తుంది. నవ్వితే కారుతుంది. ప్రోస్టేట్ తీసేశాక ఇది మామూలేనట, తగ్గడానికి టైం పడుతుందట. ఆయనకేం, ఎన్నైనా చెబుతాడు. నవ్వి బతికేవాడిని నేను.

జూన్ 5
ఎవరూ చదవని డైరీలో కూడా దాపరికం దేనికి? ఉన్నదున్నట్టు రాస్తాను.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. సీరియల్స్‌లో విలన్ నోరు తెరిస్తే వచ్చేది నా గొంతు. డైలాగులు ఎవడైనా చెబుతాడు. నవ్వే నా సొత్తు. అది పొత్తికడుపు అడుగు నుంచి లేవాలి. ఆపరేషన్ తర్వాత ఈరోజే మొదటిసారి స్టూడియోకి వెళ్ళాను, ప్యాడ్ పెట్టుకునే. మాటలన్నీ సాఫీగా అయిపోయాయి. చివర్లో విలన్ హీరోని బావిలోకి తోసి నవ్వాలి. నవ్వాను. ప్యాడ్ చేతులెత్తేసింది.

అద్దం అవతల సౌండ్ ఇంజినీరు తల వంచుకుని ఏవో బటన్లు నొక్కుతున్నట్టు నటించాడు. అతన్ని మేమంతా 'చెవులు' అంటాం. వినడం వచ్చినంతగా నటన రాదు.

జూన్ 6
డబ్బింగ్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆయన మర్యాదగా మాట్లాడితే కొంప మునిగినట్టే. ఇకపై డైలాగులు మాత్రం చెబితే చాలట. నవ్వులకి పాత సీరియల్స్‌లోంచి నావే తీసి అతికిస్తారట.

"మీ నవ్వే కదా సార్, పరాయివాడిది కాదుగా" అన్నాడు.

బతికుండగానే నన్ను మ్యూజియంలో పెట్టేశాడు. కుదరదన్నాను. వచ్చే నెల కొత్త సీరియల్లో నా నవ్వు నేనే నవ్వుతాను, లేదంటే మాటలు కూడా వేరేవాడి చేత చెప్పించుకోండి అన్నాను.

జూన్ 9, ఉదయం
డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను, పెద్దావిడ అనుకుని. మా అమ్మాయి వయసుంటుంది. లేచి పారిపోదామనిపించింది. కరెంటు పెడతానంది. ఎక్కడమ్మా అంటే తడుముకోకుండా చెప్పింది. ప్రోబ్ అని వేలంత కడ్డీ, వెనకనుంచి లోపలికి. దానికో వైరు, వైరుకో చిన్న మిషన్. మూత్రాన్ని ఆపే కండరాలు ఆపరేషన్‌తో నీరసపడ్డాయట, కరెంటు వాటిని తట్టి లేపుతుందట.

"మిషన్ దారి చూపిస్తుందంతే. బిగించాల్సింది మీరే బాబాయ్" అంది.

అంకుల్ అనకుండా బాబాయ్ అనేసరికి సగం సిగ్గు పోయింది. మిగతా సగం ప్యాంటుతో పాటు హ్యాంగరుకి తగిలించాను.

జూన్ 9, సాయంత్రం
నొప్పేం లేదు. ముందు చీమలు పాకినట్టు ఉంది, తర్వాత లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు. ఇంత వయసొచ్చాక నా ఒంట్లో నాకే తెలియని కండరం ఒకటి పరిచయమైంది.

జూన్ 17
దగ్గితే కారుతోంది. కుర్చీలోంచి లేస్తే కారుతోంది. కరెంటు దండగ.

జూన్ 20
మా ఆవిడతో గొడవ. నా బాధ నీకేం తెలుసన్నాను. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండానే, అమ్మాయి పుట్టినప్పటి నుంచీ తుమ్మితే తనకీ అంతేనని చెప్పింది.

"ఊరెళ్తే ముదురు రంగులే ఎందుకు కడతానో ఎప్పుడైనా అడిగారా?"

అడగలేదు. ఒకే మంచం మీద ఇన్నేళ్ళు పడుకున్నాం. చేతికందిన చొక్కా తీసుకుని నేనూ మడతపెట్టడం మొదలుపెట్టాను. అది తప్పుగా మడతపెట్టానని లాక్కుంది.

జూన్ 24
ఫిజియో అమ్మాయి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. తనకి ప్రస్తుతం కరెంటు అక్కర్లేదట, వ్యాయామాలు చాలట. ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఇద్దరం బిగించడం, వదలడం. ఆవిడ మొహం చూస్తే ఏం చేస్తోందో దేవుడికి కూడా తెలీదు. నా మొహం మాత్రం బస్సు తప్పిపోయినవాడిలా ఉందట.

జూలై 2
తుమ్మాను. ఏమీ కాలేదు. నమ్మకం కుదరక ముక్కులో కాగితం పెట్టుకుని మళ్ళీ తుమ్మాను. అత్యాశ. ప్యాంటు మార్చుకున్నాను.

జూలై 9
అసలు చిక్కు ఇప్పుడు తెలిసింది. కింద బిగిస్తే నవ్వు గొంతులోనే ఆగిపోతోంది. వదిలేస్తే నవ్వుతో పాటు అన్నీ వస్తున్నాయి. ఫిజియో అమ్మాయితో మొరపెట్టుకున్నాను. మిషన్ ఆన్ చేసి, బిగించి, ఊపిరి కొద్దికొద్దిగా వదులుతూ నవ్వమంది. మారుమాట్లాడకుండా మొదలుపెట్టాను. నాలుగో ప్రయత్నానికి ఏదో కొత్త నవ్వు వచ్చింది. సన్నగా, తీరిగ్గా. పక్క గదిలోంచి నర్సు పరిగెత్తుకొచ్చి, ఎవరికేమైంది అంది.

జూలై 18
కొత్త సీరియల్. చెవులు నా పాత నవ్వుల్ని ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు.

మైకు ముందు నిలబడి అందరికీ వినబడేలా చెప్పాను: "నాకు ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. గట్టిగా నవ్వితే ఉచ్చ కారొచ్చు. కారితే తుడుచుకుంటాను. టేకు మాత్రం మధ్యలో ఆపొద్దు."

బిగించాను. నవ్వాను. సీను అయిపోయినా నవ్వుతూనే ఉన్నాను.

డైరెక్టర్ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి రెండుసార్లు విన్నాడు. పాత విలన్ని చూస్తే కొట్టబుద్ధేస్తుంది, వీణ్ణి చూస్తే తలుపేసుకోబుద్ధేస్తోంది అన్నాడు. కొత్తదే ఉంచాడు. పాత నవ్వులు చెరిపెయ్యమన్నాను. చెరపడట, వాడడట. సరే.

కారింది. కొంచెం. తుడుచుకుని రెండో సీనుకి వెళ్ళాను.

జూలై 23
క్లినిక్ వెయిటింగ్ రూములో ఒకాయన మొహానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. నా గొంతు గుర్తుపట్టి, ఒక్కసారి నవ్వండి సార్ అన్నాడు. నవ్వాను. ఆయనా నవ్వబోయి, గబుక్కున పేపరు ఒళ్ళోకి దించుకున్నాడు. అది చూసి నాకు ఆగలేదు. ఇద్దరం తడిశాం. ముందు మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండని బాత్రూం గుమ్మం దగ్గర మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాం.