చివరి బెంచీ అభిప్రాయం

గుణదల, విజయవాడ
14 డిసెంబరు 2008, ఆదివారం

ప్రియమైన శౌరమ్మక్కకు,

నీ చెల్లెలు మార్త వందనాలతో రాసేది. మరియమాత దయవల్ల ఇక్కడ నేనూ వినీలా సుఖంగా ఉన్నాం. హనుమాన్ జంక్షన్‌లో నువ్వూ బావగారూ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్ చేయక ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెడతావు, నాలుగిళ్ళవాళ్ళూ వింటారు. ఇక్కడేమో పక్కగదిలో వినీల ఉంటుంది.

మన వినీల వర్క్‌షాపు గట్టెక్కిందక్కా. దాని గొంతు వెనక వరసలకు వినపడటం లేదని పిల్లలు ఫిర్యాదు చేస్తే, కాలేజీవాళ్ళు క్లాసు తీసేసి దాన్ని ల్యాబులో కూర్చోబెట్టారని నీకు చెప్పాను కదా. అప్పటినుంచీ పిల్ల ముఖంలో కళ లేదు. పోయిన నెల ప్రిన్సిపాలుగారు పిలిచి, సోషల్ నెట్‌వర్క్ అప్లికేషన్ల మీద రెండు రోజుల వర్క్‌షాపు పెట్టమ్మా, రెండో రోజు నేనొచ్చి కూర్చుంటాను, బాగా చేస్తే సెకండియర్ క్లాసు మళ్ళీ నీకే ఇస్తాను అన్నారట. సోషల్ నెట్‌వర్క్ అంటే మరేం లేదు, పిల్లలు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఫొటోలు పెట్టుకుని, ఒకరినొకరు ఫ్రెండ్స్‌గా చేర్చుకుంటున్నారే, ఆ సైట్లే. వాటిలో నడిచే చిన్న ప్రోగ్రాములు తయారుచేయడం నేర్పాలి.

బయటివాళ్ళూ రావచ్చన్నారు కాబట్టి నేనూ పేరు రాయించుకున్నాను. టైపు ఇన్‌స్టిట్యూట్ మూసి కంప్యూటర్ సెంటర్ పెట్టి ఆరేళ్ళయింది, నాకు ఆమాత్రం అర్హత లేదా? అక్కడ మాత్రం నిన్ను అమ్మా అని పిలవను, నువ్వు కూడా నన్ను మేడమ్ అనాలి అంది వినీల. సరేనని పోయి చివరి బెంచీలో కూర్చున్నాను.

మొదటి రోజు గురించి ఏం చెప్పమంటావు. పిల్ల బోర్డు వైపు తిరిగి బోర్డుకే పాఠం చెప్పింది. ఆ ల్యాబులో మైకు లేదు. నా ముందున్న కుర్రాడు హాయిగా క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు. మంగళగిరి చీరల కొట్టాయన తిరుమలగారు ఒక్కరే లేచి, ఇందులో ఫ్రెండ్ అన్న ఒక్క ముక్కే ఉందేంటండీ మేడమ్, మా మావగార్ని ఫ్రెండని చేర్చుకుంటే ఆయన ఊరుకుంటాడేంటండీ అని అడిగారు. అందరూ నవ్వారు. వినీల ఏదో జవాబు చెప్పింది కానీ అది మా దాకా రాలేదు.

సాయంత్రం అభిప్రాయాల ఫారాలు పంచారు. ఫారం నింపి ఇచ్చినవాళ్ళకే మర్నాడు సర్టిఫికెట్. అది ఆ కాలేజీ పద్ధతి. పైగా ఫారం మీద పేరు రాయాలి. ఇంక నిజం రాసేదెవరు? ముప్పయ్యెనిమిది మందీ ఎక్సలెంట్ దగ్గర టిక్కు పెట్టారు. క్రికెట్ కుర్రాడైతే మేడమ్ వాయిస్ సూపర్ అని కూడా రాశాడు!

ఇంటికొచ్చి వినీల ఆ ఫారాలన్నీ మంచం మీద పరుచుకుని మురిసిపోయింది. చదివినవే మళ్ళీ చదివింది. రేపు ప్రిన్సిపాలుగారు వచ్చి వెనక కూర్చుంటే ఆయనకేం వినపడుతుంది? చెబుదామంటే భయం. డిగ్రీలో ఉపన్యాసాల పోటీకి కాస్త గట్టిగా మాట్లాడవే అన్నందుకు వారం రోజులు నాతో మాట్లాడలేదు. స్నానం చేసొచ్చి ఫారాలు సర్దుతుంటే అడుగున దానికొక కాగితం దొరికింది. పేరు లేదు, అన్నీ వంకర టింకర అక్షరాలు. మేడమ్‌కి చాలా తెలుసు, కానీ చివరి బెంచీకి ఒక్క మాటా రాలేదు, బోర్డుకు చెప్పకండి, మాకు చెప్పండి అని ఉంది. అది చదివి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఎంత బతిమాలినా అన్నం ముట్టలేదు.

మర్నాడు చర్చిలో పూజకు వెళ్ళి, అటునుంచి తిన్నగా కాలేజీకి పోయింది. నేను వెళ్ళేసరికి బోర్డు దగ్గర లేదు. నా బెంచీ పక్కనే నిలబడి ఉంది! అక్కడినుంచే పాఠం మొదలుపెట్టింది. తిరుమలగారి ప్రశ్నే ఇవాళ మన పని, ఫ్రెండ్ అని కాకుండా మావయ్య, వదిన, పిన్ని అని వరస పెట్టి చేర్చుకునే ప్రోగ్రాము అందరూ చేయాలి అంది. ఇంక చూసుకో, హాలంతా పెళ్ళివారి విడిది అయిపోయింది. తిరుమలగారు మావగారిని మావగారుగానే చేర్చి ఊపిరి పీల్చుకున్నారు. క్రికెట్ కుర్రాడు పక్క వరసలో అమ్మాయిని మరదలుగా చేరిస్తే, ఆ అమ్మాయి వెంటనే వాణ్ణి అన్నయ్యగా చేర్చేసింది. నేను నిన్ను చేర్చి, బావగారి పేరు కొడుతుండగా కరెంటు పోయింది. అయినా వినీల ఆగలేదు. వరసల మధ్య తిరుగుతూ చెబుతూనే ఉంది. ప్రిన్సిపాలుగారు అప్పటికే వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన తల ఊపడం నేను చూశాను. నాకు ఏడుపొచ్చింది.

ఈసారి ముందు సర్టిఫికెట్లు ఇచ్చేసి, తర్వాత తెల్లకాగితాలు పంచి, పేరు రాయొద్దంది. ఒకరు మధ్యాహ్నం పెట్టిన పులిహోరలో ఉప్పెక్కువైందని రాశారు. ఇంకొకరు ఈ మేడమ్ బాగా చెప్పారు, నిన్నటి మేడమ్‌ని మాత్రం ఇంక పంపకండి అని రాశారు. అది చదివి ప్రిన్సిపాలుగారు పగలబడి నవ్వారు. ఎనిమిదో తేదీ నుంచి సెకండియర్ క్లాసు వినీలదే.

ఆ కాగితం రాసింది నా పక్కన కూర్చున్న యేసుకుమార్ అనే కళ్ళద్దాల కుర్రాడని వినీల గట్టి నమ్మకం. వెళ్ళి నిండు మనసుతో థాంక్స్ చెప్పింది. వాడు బుర్ర గోక్కుని, పర్లేదండీ మేడమ్ అన్నాడు.

క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు వండి పంపుతాను. డబ్బా మాత్రం మర్చిపోకుండా తిరిగి పంపు. బావగారికి నా వందనాలు చెప్పు.

నీ చెల్లెలు,
మార్త

తా.క.: అక్కా, ఆ కాగితం రాసింది నేనే. ఎడమచేత్తో రాసి, వినీల స్నానానికి వెళ్ళినప్పుడు ఫారాల కింద పెట్టాను. ఆ థాంక్సేదో యేసుకుమార్ కొట్టేస్తుంటే కడుపు మండిందనుకో. ఆ కాగితాన్నిప్పుడు వినీల బైబిల్లో దాచుకుంది. రోజూ క్లాసుకు బయలుదేరే ముందు తీసి చదువుకుని మరీ వెళుతోంది. నీకు పుణ్యముంటుంది, దానికి చెప్పకు. ఇరవై నాలుగేళ్ళలో అది నా మాట వినడం ఇదే మొదటిసారి.