లేని గీత

కీన్, న్యూ హాంప్‌షైర్
1986 ఏప్రిల్, బురద ఇంకా ఆరలేదు

ప్రియమైన అక్కయ్యకు,

నీకూ బావకూ నమస్కారాలు. ఇక్కడ నేనూ, పిల్లీ, వంటింటి పొయ్యీ ముగ్గురం కులాసా. అక్కడ మీరిద్దరూ కులాసాగా ఉన్నారనీ, అరిజోనా ఎండ నీ ఉబ్బసానికి పడిందనీ నీ ఉత్తరం చివర బావ రాసిన రెండు ముక్కల వల్ల తెలిసి చాలా సంతోషించాను. బావ కలం పట్టాడంటే నీకు నిజంగానే నయమై ఉంటుంది.

అడిగినవాటికి జవాబులు. కప్పు కారడం లేదు, పోయిన నెలలోనే బాగు చేయించాను. మాత్రలు వేసుకుంటున్నాను, ఉదయం తెల్లది, సాయంత్రం పచ్చది. పిల్లి నీ కుర్చీ ఆక్రమించింది, లేపితే నన్నే తప్పు చేసినవాడిలా చూస్తుంది. మేపుల్ పాకం ఈ ఏడు బాగా దిగింది, నీకో డబ్బా వేరే పంపుతున్నాను, బావకి కనపడకుండా దాచుకో. "ఇంకా ఆ తుప్పు సంఘంలోనే తిరుగుతున్నావా" అని బావ అడగమన్నాడట. తిరుగుతున్నానని చెప్పు. తుప్పు కాదు, రాగి నాణేలు అని కూడా చెప్పు. తుప్పు ఇనుముకి పడుతుంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "ప్రతి ఉత్తరంలోనూ కోరా ఇలా అంది, కోరా అలా అంది అని రాస్తావు, ఎవరామె" అని అడిగి కింద గీత కూడా గీశావు. వస్తున్నాను, అక్కడికే వస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే మొదటి మాటకే నువ్వు అడ్డం పడతావు, నేను వాతావరణం గురించి మాట్లాడి పెట్టేస్తాను. ఉత్తరానికి ఆ ఇబ్బంది లేదు.

కోరా బెల్నాప్ నది అవతల, బ్రాటిల్‌బరో దగ్గర ఉంటుంది. ఉన్నికి తనే రంగులద్ది దారాలు అమ్ముతుంది. భర్త పోయి చాలా కాలమైంది. మొగుడి నాణేలు పెళ్ళాం చేతికొచ్చాయని మొదట్లో మా సంఘంలో అందరూ అనుకున్నారు. కాదు, అవి ఆమెవే. చిన్నప్పుడు మేనత్త ఇచ్చిన సిగార్ డబ్బాతో మొదలుపెట్టింది. పాత పెద్ద సెంట్లను, అదే ఆ రాగి నాణేలను, ఆమె చూసినట్టు చూడగలిగినవాళ్ళు మాలో ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ళలో నేనున్నానని చెప్పుకోను.

నువ్వు మా ఆటల్ని ఎప్పుడూ పట్టించుకోలేదు కాబట్టి ఒక్క ముక్క చెప్పాలి. ఆ రోజుల్లో నాణేలు కొట్టే ముద్రలు చేత్తో చెక్కేవాళ్ళు. అందుకని ఒకే ఏడాది సెంట్లలో కూడా ఒక ముద్రకీ ఇంకో ముద్రకీ తేడా ఉంటుంది. ఒకదానిలో ఆకు అక్షరానికి తగులుతుంది, ఇంకోదానిలో తగలదు. మేం ఆ రకాలన్నీ ఏరుకుంటాం. ఏడాదికోసారి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, రకానికి రకం పక్కపక్కనే దీపం కింద పెట్టి, ఏది మేలో తేల్చుకుంటాం. పేకాట పేరే పెట్టి దాన్ని విస్ట్ అంటారు మావాళ్ళు. విలువ కట్టే పద్ధతి కూడా తేలికే. నాణెం మీది స్వేచ్ఛాదేవి జుట్టు పోగులు ఎంత మిగిలాయో చూసి ఒక అంకె వేస్తాం, పైమెట్టు డెబ్బై. తర్వాత గీతకి ఇంత, గుంటకి ఇంత, అంచు దెబ్బకి ఇంత అని తీసేస్తాం. మిగిలినదే దాని పరువు. కాకిపిల్ల కాకికి ముద్దు కాబట్టి ఎవడి నాణేనికి వాడు నాలుగు అంకెలు ఎక్కువే వేసుకుంటాడు. దాన్ని అందరం క్షమిస్తాం. అది ప్రేమ కదా. నేను చేసిన పని మాత్రం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

మార్చిలో ఊరి రైతుల గ్రేంజి హాల్లో మా సంఘం విందు. శనివారం కదా, కాల్చిన చిక్కుడు గింజలూ నల్ల రొట్టే. ఈసారి విస్ట్‌లో నేనూ కోరా. ఓడినవాళ్ళు విందు పళ్ళేలన్నీ కడగాలి. నువ్వు పంపిన టై కట్టుకునే వెళ్ళాను. ఆట సాగుతూ సాగుతూ ఆఖరి జత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం సమానం. 1798 సెంటు. నాది నీకు తెలుసు, నాన్న చనిపోయిన ఏడు బోస్టన్లో కొన్నాను, చాక్లెట్ రంగులో నున్నగా ఉంటుంది. ఆమెది కూడా మంచిదే, కానీ అంచు మీద చిన్న దెబ్బ ఉంది, జుట్టు కాస్త అరిగింది. గుడ్డివాడు కూడా వేలితో తడిమి చెప్పగలడు నాది మేలని.

ఆ రోజు కోరా కొత్త స్వెటర్ వేసుకుంది, తను అద్దిన గులాబి రంగే. ముఖం వెలిగిపోతోంది. శీతాకాలమంతా దగ్గుతో మంచం పట్టి లేచిన మనిషి. ఆ వెలుగుని నా నోటితో ఆర్పబుద్ధి కాలేదు, అక్కయ్యా. నా సెంటు ఎత్తి భూతద్దంలో చూసి, "మెడ దగ్గర గీత ఉంది. నాది పాతిక. కోరాది ముప్పై" అన్నాను.

తీర్పరి మా సంఘం పెద్ద వర్జిల్ పికెట్. పాడి రైతు, ఆవుతో మాట్లాడినట్టే మనుషులతోనూ మాట్లాడతాడు. "గీతేంటి?" అన్నాడు.

"మెడ దగ్గర. వెలుతురు పక్క నుంచి పడితే కనపడుతుంది."

"నిన్న కూడా చూశాను దీన్ని. రాత్రికి రాత్రి మొలిచిందా?"

కోరా చేతులు తుడుచుకుని, నా సెంటుని అంచులు పట్టుకుని ఎత్తి, దీపం కింద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పింది. మళ్ళీ తిప్పింది. తర్వాత మెత్తటి గుడ్డ మీద పెట్టేసి నావైపు చూసింది.

"ఎక్కడుంది గీత? చూపించు, లైమన్."

నేను చూపించలేకపోయాను. లేనిది ఎలా చూపిస్తాను? గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నానంతే.

"నాది ఓడిపోయింది," అని వర్జిల్‌తో చెప్పింది కోరా. "రాసుకో." లేచి, స్వెటర్ చేతులు పైకి మడుచుకుని తొట్టి దగ్గరికి వెళ్ళి పళ్ళేలు కడగడం మొదలుపెట్టింది. ఒక్కో పళ్ళెం పెట్టిన చప్పుడు హాలంతా వినపడింది.

"గీత నీ బుర్రలో ఉందిరా నాయనా," అన్నాడు వర్జిల్ నా చెవిలో. "వెళ్ళి తువ్వాలు పట్టుకో."

తువ్వాలు పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. "గెలిస్తే సంతోషిస్తావని," అన్నాను.

తొట్టిలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "లైమన్, నాకు తలుపులు తెరిచి పట్టుకునేవాళ్ళున్నారు. కుర్చీ జరిపేవాళ్ళున్నారు. దుకాణానికి వచ్చిన మగాళ్ళు బేరంలో కూడా పాపం అని వదిలేస్తారు. ఆ బల్ల దగ్గర మాత్రం నాకెవరూ ఏదీ వదల్లేదు. నా సెంటు చెత్తదైతే చెత్తదని నా మొహానే చెప్పారు. అందుకే నది దాటి వస్తాను ప్రతిసారీ. ఇవాళ నువ్వు నన్ను చంటిపిల్లని చేశావు."

"ఆ ఉద్దేశంతో కాదు, కోరా."

"తెలుసు. అందుకే కోపం ఎక్కువ." ఆఖరి పళ్ళెం నా చేతిలో పెట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. దుకాణంలో పిల్ల ఎత్తి "కోరా గారు రంగు వేస్తున్నారు" అనేది. ఎన్నిసార్లు చేసినా రంగే. నా సంగతి నీకు తెలుసు, తిండి మానేసే రకం కాదు. కానీ శనివారం చిక్కుళ్ళు రుచించలేదు. నాణేలు తీసి దీపం కింద పెట్టి చూసుకుంటే వాటిలోనూ సరదా లేదు. ఏది మంచిదో చెప్పి ఒప్పించడానికి ఎదురుగా ఎవరూ లేకపోతే మంచిదైతే ఏం, కాకపోతే ఏం? ఆ మనిషి లేకుండా నాకు ఇక బాగుండదని అప్పుడు తెలిసింది. ఈ వయసులో తెలిసింది, నవ్వుకో.

వర్జిల్‌ని సలహా అడిగాను. పువ్వులు పట్టుకెళ్ళనా అన్నాను.

"పువ్వులు పట్టుకెళితే అవి కూడా అబద్ధమే అంటుంది. ఆ సెంటు పట్టుకెళ్ళు," అన్నాడు. "నిజం చెప్పు. నీకు అలవాటు లేదేమో, దారిలో ప్రాక్టీసు చేసుకుంటూ వెళ్ళు."

పోయిన మంగళవారం బయలుదేరాను. నది అవతల వెర్మాంట్ వైపు మట్టి రోడ్ల సంగతి నువ్వు మరిచిపోయి ఉండవు. కోరా ఇంటి మలుపులో కారు బురదలో దిగబడింది. దిగి నడిచాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ముందే తెలిసి ఉంటే ఆ గ్రేంజి హాల్లోనే నోరు మూసుకునేవాణ్ణి.

కోరా పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టి ఉన్ని ముంచుతోంది. మోచేతుల దాకా నీలం. నన్ను, నా బూట్లను, మళ్ళీ నన్ను చూసింది. పొమ్మనలేదు. నేను చెప్పాల్సింది దారంతా వల్లె వేసుకున్నాను, అక్కడికి వెళ్ళాక ఒక్క వాక్యం మిగిలింది.

"నా 1798 నీదానికంటే మేలు," అన్నాను.

"ఎంత మేలు?"

"పది. నాది ముప్పయ్యయిదు. నీది పాతిక."

"పాతికా?" కర్ర గుండిగలో వదిలేసింది. "ఏదీ, తియ్యి."

ఆ నీలం చేతులతో నాణెం ముట్టుకునే మనిషి కాదు కోరా. రాగికి చెమట తగిలితేనే మచ్చ పడుతుంది, ఇక రంగు సంగతి చెప్పాలా? "నువ్వే పట్టుకో," అంది. "అంచులు. వేలు మీదికి రానివ్వకు." నేను సంచీలోంచి తీసి రెండు వేళ్ళతో పట్టుకున్నాను. భూతద్దం నా రెండో చేతిలో. కోరా చేతులు వెనక్కి పెట్టుకుని, ముఖం నా చేతి మీదికి వంచి చూసింది. "తిప్పు. ఎండవైపు. ఇంకొంచెం." జుట్టు నా మణికట్టుకి తగులుతోంది. ఊపిరి తగలకుండా బిగపట్టింది, నేనూ బిగపట్టాను. "నిలకడగా పట్టుకో, ఇన్నేళ్ళూ నేల కొలిచిన సర్వేయరువి కదా" అంది.

"ముప్పయ్యయిదు," అని ఒప్పుకుంది చివరికి. "గీత లేదు."

"లేదు. ఎప్పుడూ లేదు. అబద్ధమాడాను. ఇంకెప్పుడూ నీ దగ్గర నాణేల మీద అబద్ధమాడను, కోరా."

"నాది మాత్రం పాతిక కాదు. అంత చిన్న దెబ్బకి ఐదు తీసేస్తావా? నీ కళ్ళజోడు మార్చు."

"దెబ్బ చిన్నదే. జుట్టు అరిగింది. చెవి పైన పోగులేవీ?"

"పోగులున్నాయి. లోపలికి రా, చూపిస్తాను."

లోపల బల్ల మీద ఆమెది తీయించింది, అదీ నా చేతే. రెండూ పక్కపక్కన పెట్టాను. ఎంత సేపు పోట్లాడుకున్నామో తెలీదు, పెరట్లో ఉన్ని కావలసినదానికంటే నల్లబడింది. చివరికి పాతికే అని ఒప్పుకుంది. నేను కాదు ఒప్పించింది, తనే మళ్ళీ చూసి ఒప్పుకుంది. ఓడిపోయి ఇంత ఆనందంగా ఉన్న ముఖం నేను ఎక్కడా చూడలేదు.

వెళ్ళొస్తానని లేచాను. "ఆగు," అంది. "నాది ఆ అమ్మకాల పెట్టెలో వెయ్యి."

"మంచి సెంటు, కోరా. ఎందుకు అమ్మడం?"

"ఒక ఇంట్లో ఒకే రకం రెండెందుకు?" అని కెటిల్ దగ్గరికి వెళ్ళింది.

ఆమె చెప్పినట్టే పెట్టెలో వేశాను. పక్కింటాయన ట్రాక్టరుతో నా కారు లాగించుకున్నాను. టీ వద్దన్నాను, చీకటి పడకముందే రోడ్డెక్కాలని. ఇక నువ్వు నా నెత్తిన మొట్టికాయ వేసే చోటు ఇదే, అక్కయ్యా. నది మీద వంతెన సగం దాటాక, 'ఒక ఇంట్లో' అని ఆమె ఏమందో నాకు అర్థమైంది. వంతెన మీద కారు తిప్పడానికి లేదు. అవతలి ఒడ్డుకి, మన వైపుకి వచ్చి, పెట్రోలు బంకు దగ్గర తిప్పుకుని మళ్ళీ నది దాటాను. ఈసారి బురద దగ్గర కారు ముందే ఆపేసి పరుగులాంటి నడక నడిచాను.

కోరా గుమ్మంలో నిలబడి ఉంది, కోటు కూడా వేసుకోలేదు. చేతులు ఇంకా నీలంగానే ఉన్నాయి. "ఇంతసేపా, లైమన్," అంది.

ఇదీ నేను ఈ ఉత్తరంలో దాస్తూ వచ్చిన సంగతి. జూన్‌లో పెళ్ళి, ఆమె పెరట్లోనే. చిన్నప్పటి నుంచీ అమ్మలా నన్ను పెంచి, ఎన్ని సంబంధాలు తెచ్చినా వద్దన్నానని తిట్టి, ఆఖరికి రాగినే కట్టుకోమని శపించినదానివి నువ్వు. నీ శాపం తగిలింది. నువ్వు రాకుండా జరగనివ్వను. బావని కూడా లాక్కురా. నేను అడగకుండానే ఆమె ఒప్పుకుందని మాత్రం ఎవరికీ చెప్పకు. ఇద్దరి సెంట్లూ కలిపి జతలు చూసుకోవడానికి వచ్చే శీతాకాలమంతా పడుతుంది. చాలా జతల్లో నా సెంటే అమ్మకాల పెట్టెలోకి వెళ్తుందని ఇప్పుడే చెబుతోంది. అందులో అబద్ధమేమీ లేదు, నేను చూశాను.

ఇట్లు,
ఇంత కాలానికి నీ మాట నెగ్గించిన
నీ తమ్ముడు
లైమన్