నా వైపు క్లచ్

మార్చి 3, మంగళవారం

అన్నయ్య టేబుల్ మీద ఆరు బ్రోచర్లు పరిచాడు. గేర్ల బండి కొందామా, ఆటోమేటిక్ కొందామా అని అడిగాడు. మా డ్రైవింగ్ స్కూల్లో ఉన్నవి రెండే కార్లు. ఒకదాంట్లో అన్నయ్య నేర్పిస్తాడు, రెండోదాంట్లో నేను. నాది గురువారం నుంచి మెకానిక్ షెడ్డులో ముక్కు పగిలి పడి ఉంది.

ఆటోమేటిక్ అన్నాను, ఆలోచించకుండా. అన్నయ్య కళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. పందొమ్మిదేళ్ళుగా ఆటోమేటిక్‌ని ఉయ్యాల అని వెక్కిరిస్తున్నది నేనే మరి. కాలం మారిందన్నాను. వచ్చేవాళ్ళలో సగానికి పైగా అదే అడుగుతున్నారన్నాను. అది నిజమే. నా కారణం మాత్రం అది కాదు.

కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నానని వదిన అంది. ఫోన్లు ఎత్తేదీ, క్లాసుల టైములు రాసేదీ ఆవిడే కాబట్టి రోజంతా నా ఎదురుగానే ఉంటుంది. ఆఫీసు గది ఈ గోడ నుంచి ఆ గోడకి ఎనిమిది అడుగులు. తిరగడానికి కూడా చాలదు.

మార్చి 4, బుధవారం

గురువారం సంగతి ఇంతవరకూ రాయలేదు. అందరూ చెప్పుకుంటున్నది ముందు రాస్తాను.

లాండ్రీ ఆవిడకి అది ఇరవయ్యో క్లాసు. నలభై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు పైకి లేచాయి. లాండ్రీ ఓనరు ఆవిడకి డెలివరీ వ్యాన్ ఇస్తానన్నాడు. నెలాఖరు లోపు లైసెన్స్ తేవాలి, లేకపోతే వ్యాన్ ఇంకొకళ్ళకి. వ్యాన్‌కి గేర్లున్నాయి. టెస్ట్ ఇరవై ఏడున.

వాటర్ ట్యాంకు దగ్గర నుంచి డౌన్‌లో దిగుతున్నాం. పక్క సందులోంచి ఒక స్కూటర్ అడ్డం వచ్చింది. మా కారు పళ్ళ డాక్టరు గేటుని గుద్దింది. గేటు వంగింది, బంపరు విరిగింది, ఆవిడ పెదవి స్టీరింగ్‌కి తగిలి చిట్లింది. స్కూటర్ వాడు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కర్చీఫ్ పెదవికి అదుముకుని ఆవిడ ఒకటే మాట అంది. తను బ్రేక్ తొక్కిందట, బండే ఉరికిందట. పళ్ళ డాక్టరు నవ్వాడు. పరుగున వచ్చిన అన్నయ్యా నవ్వాడు. గుద్దిన ప్రతివాళ్ళూ అనే మాటే అది. మా స్కూల్లో ఎవరు కప్పు పగలగొట్టినా బండే ఉరికిందని ఒకళ్ళనొకళ్ళం ఏడిపించుకుంటాం.

నేనూ నవ్వాను.

స్టీరింగ్ అందరి చేతికీ రాదని, ఇక వదిలేయమని అన్నయ్య ఆవిడకి మెత్తగానే చెప్పాడు. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది.

మార్చి 6, శుక్రవారం

మొదటి టెస్ట్ డ్రైవ్. షోరూమ్ ఆయన రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ మనిషి, ఓపిక ఎక్కువ. ఇందులో క్లచ్ పెడల్ లేదుగానీ లోపల క్లచ్ ఉందని, దాన్ని మనకి బదులు ఒక మోటారు తొక్కుతుందని చెప్పాడు. గేర్లు కూడా అదే మారుస్తుందట.

మారుస్తుంది. మార్చే ముందు ఒకసారి ఊపిరి పీల్చుకుంటుంది. ఆ క్షణంలో మన తలకాయ ముందుకి ఊగుతుంది. లారీని దాటుదామని యాక్సిలరేటర్ తొక్కితే వెళ్ళాలా వద్దా అని ఆలోచించింది. అది తేల్చుకునేలోపు లారీయే వెళ్ళిపోయింది.

సిగ్నల్ దగ్గర స్లో చేయబోతే నా ఎడమ కాలు దానంతట అది లేచి క్లచ్ కోసం దిగింది. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. కారు నిలువునా ఆగింది. షోరూమ్ ఆయన కళ్ళద్దాలు ఊడి ఒళ్ళో పడ్డాయి. ఆయన విసుక్కోలేదు. గేర్ల బండికి అలవాటు పడ్డవాళ్ళందరూ మొదటిరోజు ఇదే చేస్తారట. ఎడమ కాలుని వెనక్కి మడిచి పెట్టేసుకోండి, దాంతో పని లేదు అన్నాడు.

దాంతో పని లేదట. పందొమ్మిదేళ్ళు ఆ కాలితోనే తిండి తిన్నాను.

మార్చి 9, సోమవారం

రెండోది. ఇందులో గేర్లే ఉండవట, బెల్టు ఉంటుందట. ఊళ్ళో వెన్నలా వెళ్ళింది. రోడ్డు ఖాళీ అయ్యాక గట్టిగా తొక్కాను. ముందు ఇంజను అరిచింది, తర్వాత కారు కదిలింది. మా బాబాయీ అంతే, పిలవగానే వస్తున్నానని వీధంతా వినపడేలా అరిచి, పావుగంట తర్వాత కుర్చీలోంచి లేస్తాడు.

వద్దన్నాను. రెస్పాన్స్ లేదన్నాను. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చునే మనిషికి బండి వెంటనే పలకాలి అని ఒక ఉపన్యాసం ఇచ్చాను. అన్నయ్య తలూపుతూ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నా మాట మీద వాడికి అంత నమ్మకం.

మార్చి 10, మంగళవారం. ఉదయం

మూడోది. లోపల రెండు క్లచ్‌లు. ఒక గేరు నడుస్తుండగానే తర్వాతి గేరు రెడీగా ఉంటుందట. కాలు ఆనించానో లేదో దూకింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. దిగి, మళ్ళీ ఎక్కి ఇంకో చుట్టు కొట్టాను.

ఎందుకో తెలుసు. ఇంత తొందరగా పలికే బండి ఉందంటే, నా పాత బండి నెమ్మది అని చెప్పుకోవచ్చు. గేటు తప్పు దాని మీద వేయొచ్చు. వారం రోజులుగా నేను వెతుకుతున్నది కొత్త కారుని కాదు, సాక్షిని.

అదే రోజు. సాయంత్రం

మెకానిక్ ఫోన్ చేశాడు. బ్రేకులు విప్పి చూశాడట, కేబుళ్ళు చూశాడట, నా వైపు పెడల్స్ కూడా చూశాడట. బండిలో ఏ లోపమూ లేదట. శుభవార్త చెప్పినట్టు చెప్పాడు.

మార్చి 12, గురువారం. పదకొండు గంటలు

రెండు దుప్పట్లు చంకన పెట్టుకుని లాండ్రీకి వెళ్ళాను. అవి మురికిగా కూడా లేవు.

ఆవిడ ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. పెదవి మానింది, నల్లటి గీత మిగిలింది. ఒక కాలి మీద బరువు వేసి, కాసేపటికి రెండో కాలికి మారుస్తోంది. బయట వ్యాన్ దుమ్ము కొట్టుకుని ఉంది. అద్దం మీద ఎవరో వేలితో తమ పేరు రాసుకున్నారు.

నన్ను చూసి నవ్వి, కారు బాగైందా అని అడిగింది. నేను ఆవిడ పెదవి గురించి అడగలేదు. దుప్పట్లు ఇచ్చి రసీదు కూడా తీసుకోకుండా వచ్చేశాను.

మూడు గంటలు

రాసేస్తాను.

మా కార్లలో పక్క సీటు కింద కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి. అవి నేర్పేవాళ్ళవి. కొత్తవాళ్ళు స్లో అయినప్పుడు క్లచ్ తొక్కడం మర్చిపోతారు. బండి కుదిపి, నడిరోడ్డు మీద ఇంజను ఆగిపోతుంది. వెనక హారన్లు. వాళ్ళు బెదిరిపోతారు, కొందరు ఏడుస్తారు. అందుకని నా ఎడమ కాలు వాళ్ళకంటే ముందే క్లచ్ తొక్కేస్తుంది. నన్ను అడగదు. నా దగ్గర బండి ఆగదని ఊళ్ళో పేరు. వాళ్ళు నేర్చుకున్నామనుకుంటారు. వాళ్ళు నేర్చుకున్నదాంట్లో సగం నా కాలిదే.

ఆ రోజు డౌన్‌లో బండి రెండో గేరులో ఉంది. గేరులో ఉన్నంతసేపూ ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. క్లచ్ తొక్కితే ఆ పట్టు వదిలేస్తుంది, బండి ఉరుకుతుంది. మొదటి క్లాసులో ప్రతివాళ్ళకీ నేను చెప్పే మొదటి మాట, క్లచ్ బ్రేక్ కాదు అని.

స్కూటర్ వచ్చింది. ఆవిడ బ్రేక్ తొక్కింది, నేను నేర్పినట్టే మెత్తగా. నేను క్లచ్ తొక్కాను. బ్రేక్ కాదు, క్లచ్. ఇంజను ఆగిపోకూడదని.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. బండే ఉరికింది.

మార్చి 13, శుక్రవారం

సోమవారం ఆటోమేటిక్ బుక్ చేస్తున్నామని అన్నయ్య చెప్పాడు. నా పాత బండి ఎక్స్చేంజ్‌లో పోతుంది. సరే అన్నాను. సరే అన్నానా? అన్నాను.

మార్చి 15, ఆదివారం

నిన్న పగలంతా లెక్కలు వేసుకున్నాను. ఆటోమేటిక్ వస్తే నా కాలికి క్లచ్ ఉండదు, తప్పు చేసే దారే ఉండదు. హాయి. కానీ నా దగ్గర ఇక గేర్లు నేర్చుకోవడం కుదరదు. అన్నయ్య ఆవిడని ఎలాగూ ఎక్కించుకోడు. నేను హాయిగా ఉండటానికి ఆవిడ బల్ల ముందు నిలబడాలి.

ఉదయం అన్నయ్యని వాటర్ ట్యాంకు దగ్గరకి తీసుకెళ్ళాను, వాడి కారులోనే. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటానన్నాను. ఆదివారం కదా, రోడ్డు ఖాళీ. రెండో గేరులో దిగమన్నాను. బండి బుద్ధిగా దిగుతోంది. సగంలో నా వైపు క్లచ్ తొక్కాను. బండి ఉరికింది. అన్నయ్య బ్రేక్ మీద నిలబడ్డాడు. పళ్ళ డాక్టరు కొత్త గేటుకి ఇంకా చాలా దూరంలోనే ఆగాం.

అర్థమైందా అని అడిగాను. వాడు స్టీరింగ్ వదలకుండానే అన్నాడు.

“ఇది నువ్వెవరితోనూ అనకు.”

పిల్లల్ని పంపే తల్లులు వింటే ఏమవుతుందో చెప్పాడు. నాన్న పెట్టిన స్కూలు అన్నాడు. ఆవిడకి వేరే స్కూల్లో తనే చెప్పి నేర్పిస్తానన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకంటే వాడే ఎక్కువ భయపడ్డాడని చూసి ఏడుపొచ్చింది.

మార్చి 16, సోమవారం

షోరూమ్‌కి వెళ్ళాల్సిన టైముకి లాండ్రీకి వెళ్ళాను. అన్నయ్యకి చెప్పే వెళ్ళాను. వాడు తల పైకెత్తలేదు.

మధ్యాహ్నం భోజనాల టైము. ఆవిడ మడతపెట్టిన దుప్పట్ల మధ్య స్టూల్ మీద కూర్చుని ఉంది. నిలబడే చెప్పాను, క్లచ్ నేను తొక్కానని. తప్పు నాదని. అందరి ముందూ నవ్వాను కూడా అని.

ఆవిడ డబ్బా మూత పెట్టి చెయ్యి తుడుచుకుంది.

“తెలుసు టీచర్. నా వైపు పెడల్ దానంతట అదే కిందికి పోయింది, నేను చూశాను.”

నిజమే, రెండు క్లచ్‌లకీ ఒకటే కేబుల్. ఒకటి దిగితే రెండోదీ దిగుతుంది. ఇంత చిన్న సంగతి నాకు తట్టనే లేదు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు తొక్కారంటే ఏదో కారణం ఉంటుందనుకున్నా. నా చేత్తోనే ఏదో పాడైందనుకున్నా.”

పద్దెనిమిది రోజులు అలా అనుకుంటూ ఇస్త్రీ చేసింది. నా మీద కోపం తెచ్చుకోమని అడగాలనిపించింది. అదీ నా స్వార్థమే. రేపటి నుంచి రండి అని మాత్రం అన్నాను.

మార్చి 17, మంగళవారం

మెకానిక్ దగ్గరకి వెళ్ళాను. నా బండికి బంపరు మార్చేశాడు. నా వైపు క్లచ్ పీకేయమన్నాను. బ్రేక్ ఒక్కటి ఉంచమన్నాను. ఏ స్కూలువాళ్ళూ అలా చేయరన్నాడు. బండి మాటిమాటికీ ఆగిపోతుందన్నాడు. ఆగిపోనీ అన్నాను. మీకేమైంది అన్నట్టు చూసి, స్పానర్ తీశాడు. పది నిమిషాలు పట్టింది. పెడల్ నా చేతిలో పెట్టాడు. అరిగి, అద్దంలా మెరుస్తోంది.

అన్నయ్య అది నా టేబుల్ మీద చూశాడు. సాయంత్రం వదిన చెప్పింది, ఆటోమేటిక్ బుకింగ్ ఆపించాడట.

మార్చి 20, శుక్రవారం

బండి పదకొండుసార్లు ఆగింది. ఒకసారి చౌరస్తా మధ్యలో. బస్సువాడు కిటికీలోంచి తల బయటపెట్టి మా ఇద్దరి చదువు గురించీ విచారించాడు. లాండ్రీ ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నా ఎడమ కాలు మ్యాట్‌ని తొక్కుతూనే ఉంది, కింద ఏమీ లేదు. తాళం తిప్పండి అన్నాను, ఇంకేం అనలేదు. అంత కష్టమైన క్లాసు నేనెప్పుడూ చెప్పలేదు.

పన్నెండోసారి ఆగబోయింది. ఆవిడ కాలు క్లచ్ మీదికి వెళ్ళింది. తనదే. నేను చూశాను.

మార్చి 24, మంగళవారం

షోరూమ్. అన్నయ్యా వచ్చాడు. గేర్ల బండి తీసుకుని డౌన్‌లో ఒక చుట్టు కొట్టాను. తొక్కితే తొక్కినంత, వదిలితే వదిలినంత. కాలు ఏం చెబితే అది చేస్తుంది, మంచైనా చెడైనా. ఇదే అన్నాను.

నేర్పేవాళ్ళ వైపు క్లచ్, బ్రేక్ రెండూ పెట్టించాలా అని షోరూమ్ ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అన్నయ్య ఒక్కటి చాలన్నాడు.

మార్చి 27, శుక్రవారం

పాసయింది. రెండుసార్లు ఆగిందట. రెండుసార్లూ తనే స్టార్ట్ చేసుకుందట.

ఏప్రిల్ 2, గురువారం

నా దుప్పట్లు ఇచ్చి వెళ్ళింది. వ్యాన్‌లో. గేటు మూసి వెనక్కి తిరిగానో లేదో వీధి మలుపులో ఇంజను ఆగిపోయిన చప్పుడు. వెనక హారన్లు. గుమ్మంలో నిలబడ్డాను. నా ఎడమ కాలు గచ్చుని అదిమి పట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. స్టార్టయింది. మొదటి గేరు. రెండో గేరు. వెళ్ళిపోయింది.

అప్పుడు ఎత్తాను కాలు.